ఇల్లు గలది

"జావలో కోడి కాస్త ఎక్కువెయ్యి. తిన్న నోరు ఎదురు చెప్పదు," అన్నాడు నెస్టర్, అద్దంలో చూసుకుని గడ్డం గీసుకుంటూ.

రొసెండా చెంచా మొనతో అల్లం చెక్కు గీకుతోంది. ఆదివారం సంఘం సభ. సభ అంటే కోడి జావ, జావ అంటే అల్లం, అల్లం అంటే రొసెండా. ఏళ్ళ తరబడి ఇదే వరస, ఆమె కూడా ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. ఈ వేళ మాత్రం అతని మాట గోళ్ళ సందుల్లో దిగిన అల్లం రసంలా మండింది. తను ఉంటున్న ఇంటిని అమ్ముకునే హక్కు కావాలని మొగుడు పట్టుబట్టి పెట్టించిన సభ ఇది. ఆ సభలో జనాన్ని మెత్తబరచడానికి తను వండాలి. కోడి కూడా తన కూలి డబ్బులతో కొన్నదే. ఉరితాడు పేనే పని నాకే అప్పజెప్పాడు, పైగా కాస్త గట్టిగా పేనమంటున్నాడు అనుకుంది.

"వినపడిందా?"

"వినపడింది."

"వినపడితే ఊఁ అనాలి. ఆ మొహం పెట్టుకుని వడ్డించావంటే 'పంచాలి' అనేవాడు కూడా 'ఉంచాలి' అంటాడు." తన హాస్యానికి తనే నవ్వుకుని, నురగ అంటిన బ్లేడుని ఆమె కడిగి బోర్లించిన గిన్నె తీసి అందులో ముంచాడు.

పంచాలా, ఉంచాలా? సభ దాని గురించే. మలబోన్ ఊరి చివర, సముద్రం పోటెత్తినప్పుడల్లా ఉప్పునీళ్ళు వీధుల్లోకి తోసుకొచ్చే చోట ఉంది వాళ్ళ ఆల్చిప్పల వాడ. ఒకప్పుడిది పాడుబడ్డ చేపల చెరువు. గట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్ళని చెరువు వారసులు వెళ్ళగొట్టబోతే అందరూ కలిసి సంఘం కట్టుకున్నారు, కలిసి అప్పు తెచ్చారు, నేలంతా సంఘం పేరున కొన్నారు. ఆ రోజే ఒక మాట అనుకున్నారు. నేల అందరిదీ, అది ఏనాటికీ అమ్మకానికి లేదు. దాని మీద కట్టుకున్న ఇల్లు ఎవరిది వాళ్ళది, బతికినన్నాళ్ళూ ఉండొచ్చు, పిల్లలకి ఇచ్చుకోవచ్చు. వెళ్ళిపోదామనుకుంటే మాత్రం బయటివాడికి అమ్మకూడదు, సంఘానికే అప్పజెప్పాలి. పెట్టిన ఖర్చూ, దాని మీద న్యాయంగా కొంతా సంఘం ఇస్తుంది, అదే ధరకి వరసలో ఉన్న మరో పేద కుటుంబానికి ఇల్లిస్తుంది. చుట్టుపక్కల ధరలు ఆకాశానికంటినా ఆల్చిప్పల వాడలో ఇంటి ధర నేల మీద నిలబడింది అందుకే. ఇప్పుడు అప్పు తీరిపోయింది. కాలవ మీద కొత్త వంతెన వస్తుందని మాట పుట్టింది. మాట పుట్టగానే బ్రోకర్లూ పుట్టారు. నేలని ముక్కలు కోసి ఎవరి ముక్క వాళ్ళ పేరున రాయాలని, ఎవరికి కావాలంటే వాళ్ళకి అమ్ముకోవాలని ఇప్పుడు సగం వాడ అంటోంది. వాళ్ళకి నెస్టర్ పెద్ద నోరు.

"మన నేల మనకి పంచమంటున్నాం, ఇందులో తప్పేముంది?" అంటాడు. మన నేల! రొసెండాకి ఒళ్ళు మండిపోయేది ఆ మాటకే. ఈ నేల అప్పుడు నడుంలోతు నీళ్ళు. మట్టి కొనే తాహతు ఎవరికీ లేదు. చేపల రేవులో ఆల్చిప్పలు ఒలిచే షెడ్ల వెనక గుట్టలుగా పడున్న చిప్పల్ని ఆడవాళ్ళే బియ్యం సంచుల్లోకెత్తి, నెత్తి మీద మోసుకొచ్చి పోశారు. తడి చిప్పల కంపు జుట్టుకి పట్టి ఎన్ని నీళ్ళు పోసుకున్నా పోయేది కాదు. అంచులు అరికాళ్ళు కోసేవి. అప్పుడు ఆమె కడుపులో పిల్ల, ఆ పిల్ల ఇప్పుడు బాగియోలో కాలేజీకి వెళ్తోంది. ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసొచ్చిన నెస్టర్ పగలు నిద్రపోవాలి కదా మరి! "ఆ సంచులు కాస్త మెల్లిగా దించండే, నిద్ర చెడుతోంది," అని కిటికీలోంచి అరిచేవాడు. ఆమె కూడా తెల్లవారకముందే రేవులో పని ముగించుకొచ్చి సంచులు మోసేది, ఆమె నిద్ర సంగతి ఎవరికీ, చివరికి ఆమెకి కూడా తట్టలేదు. ఇప్పటికీ పెరట్లో మిరపమొక్క నాటడానికి జానెడు తవ్వితే తెల్లగా ఆ చిప్పలే తగులుతాయి. వాటి మీద నిలబడి మన నేల అంటాడు. సొమ్మొకడిది సోకొకడిది.

అసలు పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా ఆమెకి గుర్తుంది. సంఘంలో పేర్లు రాసుకునే రోజున ఎండలో వరసగా నిలబడింది ఆడవాళ్ళే. బల్ల వెనక కూర్చున్న అబ్బాయి తలెత్తకుండా "ఇంటి పెద్ద ఎవరు?" అనడిగాడు. ఒక్కొక్కతీ మొగుడి పేరు చెప్పింది. రొసెండా కూడా చెప్పింది, కాస్త గర్వంగానే. నిలబడ్డ కాళ్ళు తమవి, చెప్పిన నోరు తమది, రాసిన పేరు వాళ్ళది. అప్పట్నుంచి సభల్లో ముందు వరస కుర్చీల్లో వాళ్ళు, వెనక స్టవ్‌ల దగ్గర వీళ్ళు. నెస్టర్‌కి ఒంట్లో బాగాలేని రోజున ఆమె వెళ్ళి అతని బదులు చెయ్యెత్తి వచ్చేది, ఎటు ఎత్తాలో ముందే చెప్పించుకుని.

అయినా అవన్నీ అలా సర్దుకుపోయేవే, పోయిన ఆదివారం ఒక బ్రోకరు ఇంటికి రాకపోతే.

తళతళలాడే బూట్లు విప్పకుండానే లోపలికొచ్చాడు. నెస్టర్ ఎదురెళ్ళి, "ఈవిడ మా మైబాహయ్," అని పరిచయం చేసి, ఆ గుక్కలోనే "కాఫీ," అన్నాడు ఆమెతో. ఇక్కడ పెళ్ళాం గురించి పరాయివాళ్ళ ముందు మర్యాదగా చెప్పాలంటే మైబాహయ్ అంటారు, ఇల్లాలు అన్నట్టు. బాహయ్ అంటే ఇల్లు. మై అంటే ఉన్నది. విడదీస్తే, ఇల్లు గలది. పెళ్ళయిన నాటి నుంచి వింటున్న మాటే, కానీ ఆ రోజు వంటింట్లో నీళ్ళు మరుగుతుంటే మొదటిసారి విడివిడిగా వినపడింది. ఇల్లు గలదాన్నట. నా ఇంట్లోకి బూట్లతో వచ్చినవాడికి నేనే కాఫీ కలపాలట. వాడు గోడల్ని వేళ్ళతో తట్టి చూస్తున్నాడు, సంతలో పుచ్చకాయ తట్టినట్టు. వంటింటి గుమ్మంలోకొచ్చి, పైకప్పు దగ్గర పగులు చూసి, "ఇది బాగుచేయించకండి మేడమ్, దండగ. ఎలాగూ అన్నీ పడగొట్టేస్తాం," అన్నాడు ఎంతో మేలు చేస్తున్నట్టు.

వాడు వెళ్ళాక అడిగింది. "ఎక్కడికి పోతాం?"

"బులకాన్‌లో. తమ్ముడింటి పక్కనే. గేటున్న కాలనీ, వాచ్‌మన్ కూడా ఉంటాడు. ఈ ఉప్పునీళ్ళ గొడవ ఉండదు."

"నా పని?"

"ఏం పని? చేపముళ్ళు తీయడం కూడా ఒక పనేనా?"

"ఎవరి పేరున ఆ ఇల్లు?"

"ఎవరి పేరునైతే ఏంటి? నిన్నేమన్నా ఇక్కడ వదిలేసి పోతానా?"

"నన్నొక మాట అడగలేదే."

"ఇల్లు మారేటప్పుడు కుర్చీని అడుగుతామా, ఏమ్మా కుర్చీ, వస్తావా అని?" అన్నాడు. మూల కూర్చుని వింటున్న అత్తగారు పకపక నవ్వింది. "తమాషాకన్నాలే," అన్నాడు ఆ తర్వాత. తమాషాకి అనే మాటలన్నీ అసలు మాటలేనని రొసెండాకి ఎప్పుడో తెలుసు. కుర్చీ ఇంకా నయం, సభ రోజున ముందు వరసలో ఉంటుంది.

అత్తగారు, అందరూ అమ్మా అన్నట్టు నానాయ్ అని పిలిచే బెలెన్, జపమాల వేళ్ళకి చుట్టుకుని హితబోధ మొదలుపెట్టింది. "నాకేసి చూడు. మీ మావగారితో నా కాపురం ఎన్నేళ్ళు! ఒక్క పుల్ల నా పేరున లేదు. ఆయన్ని పూడ్చొచ్చిన మర్నాడే ఆయన అన్నదమ్ములు ఇంటికి తాళం వేసుకున్నారు. నా వంటగిన్నెలు కూడా లోపలే ఉండిపోయాయి. నేనేమన్నా ఏడ్చానా?"

"ఏడవాల్సింది నానాయ్," అంది రొసెండా.

"నోరు! చర్చిలో పెళ్ళయింది నీకు. ఫాదరు దగ్గరుండి కట్టిన ముడి. ఈ వాడలో సగం మందికి ఆ భాగ్యమే లేదు, ఊరికే చేరిపోయి కాపురం చేస్తున్నారు. నీకింకేం కావాలి?"

ఆ రాత్రి గిన్నెలు తోముతూ రొసెండా అనుకుంది: నాకేం కావాలో నన్ను అడిగినవాళ్ళు ఎవరూ లేరు, నాకెంత చాలో చెప్పేవాళ్ళు మాత్రం ఇంటినిండా ఉన్నారు.

మర్నాడు రేవులో చేపముళ్ళు తీసే షెడ్డులో ఆమె వేళ్ళు ఎప్పటిలా ఆడలేదు. బంగూస్ చేపకి ఒళ్ళంతా ముళ్ళే. వెన్నెముక తీసేశాక కండలో జుట్టంత సన్నటి ముళ్ళు మిగులుతాయి, రెండు మొనలుగా చీలి. వాటిని పట్టకారుతో ఒక్కొక్కటే పట్టి, కండ చిరగకుండా లాగాలి. ఐసు మీద పెట్టిన చేప కాబట్టి సగం పొద్దుకే వేళ్ళు మొద్దుబారిపోతాయి. ఆ చేపకే 'ముల్లు లేనిది' అని అట్టపెట్టె మీద రాసి మామూలు చేపకి రెట్టింపుకి అమ్ముతాడు యజమాని. పెట్టె మీద వాడి పేరుంటుంది. కూలి పెంచమని అడిగినప్పుడు మేస్త్రీ అన్న మాట షెడ్డులో అందరికీ కంఠతా వచ్చు. "ఆడవాళ్ళ వేళ్ళు పుట్టుకతోనే సన్నం, మీకిది పనేంటి? ఆట!" నెస్టర్ కూడా ఈ చేపే తింటాడు, ముళ్ళు తీసి కంచంలో పెడితే. కాపురం మొదలైనప్పట్నుంచి అతని గొంతులో ఒక్క ముల్లు గుచ్చుకోలేదు. అన్నీ ఆమె చేతుల్లోనే ఆగాయి. అందుకే ఆయనకి లోకం ఇంత మెత్తగా ఉంది అనుకుని, కసిగా ఒక ముల్లు లాగింది. కండ చిరిగింది. మేస్త్రీ చూసి దానికి కూలి లేదన్నాడు.

పక్క పీట మీద జోవెలిన్ పనిచేస్తోంది. చంకలో బిడ్డని గుడ్డతో కట్టుకుని వస్తుంది, ఉంచడానికి ఎవరూ లేరు. కాలవ అవతలి గట్టున పుట్టి పెరిగిన పిల్ల. అవతలి గట్టు కూడా ఒకప్పుడు వీళ్ళలాగే కలిసి కొన్న నేల. వాళ్ళు పంచుకున్నారు. ముందు ఒకడు అమ్మాడు, వాడిని చూసి ఇంకొకడు, ఆఖరికి అమ్మనివాళ్ళ చుట్టూ గోడలు లేచి, వాళ్ళూ అమ్మక తప్పలేదు. ఇప్పుడక్కడ గోదాములు, లారీలు, కుక్కలతో కాపలావాళ్ళు. జోవెలిన్ ఒక మేడమెట్ల కింద గదిలో అద్దెకుంటోంది. రొసెండా పక్కింటి ముసలి దంపతులు సొంతూరికి వెళ్ళిపోతూ ఇల్లు సంఘానికి అప్పజెప్పారు. వరసలో మొదటి పేరు జోవెలిన్‌దే.

"అక్కా, పంచేస్తే ఆ పక్కిల్లు నాకు రాదు కదూ?"

రొసెండా తలెత్తలేదు. "రాదు."

"మా అమ్మ అమ్మిన రోజు ఎంత సంబరపడిందో! ఆ డబ్బుతో ముందు పెద్ద ఫ్రిజ్ కొంది. ఇప్పుడా ఫ్రిజ్ పెట్టుకోవడానికి చోటే లేదక్కా. మేడ ఓనరు వాడుకుంటున్నాడు." నవ్వుతూనే చెప్పింది. బిడ్డ కదిలితే వీపు జోకొట్టి, మళ్ళీ ముల్లు పట్టుకుంది. "మీవారు ఉంచాలి అనరా అక్కా? మీరు చెప్తే వినరా?"

ఆ పిల్లకి ఏం చెప్పాలి? మావారు కుర్చీ మాట వినరమ్మా అని చెప్పాలా? రొసెండాకి కోపం వచ్చింది, నెస్టర్ మీద, అత్త మీద, మేస్త్రీ మీద, అందరికంటే ఎక్కువ తన మీద. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా తిన్నగా ఆలింగ్ టినాంగ్ కొట్టుకి వెళ్ళింది.

టినాంగ్ సంఘం మొదలుపెట్టినవాళ్ళలో ఒకతె, పెద్దావిడని వాడంతా ఆలింగ్ చేర్చి పిలుస్తారు. మొగుడు పోయాడు, కాబట్టి ముందు వరసలో కుర్చీ ఉంది. వాడలో ఆడది ఓటు వేయాలంటే ముందు మొగుడు పోవాలి. ఓట్లప్పుడు ఒక్కొక్క ఇంటినీ పిలిచే పని కూడా ఆవిడదే. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది.

"ఆలింగ్ టినాంగ్, గోడ మీద ఆ మాట ఎందుకు రాశారు?" అంది రొసెండా.

ఏ గోడో, ఏ మాటో చెప్పనక్కర్లేదు. సభలు జరిగే బాస్కెట్‌బాల్ కోర్టు గోడ మీద సంఘం కట్టుబాట్లన్నిట్లోకీ పెద్దక్షరాల్లో ఉన్నదది: ప్రతి మైబాహయ్‌కీ ఒక ఓటు. అందరూ రోజూ చూసేదే, రోజూ చూసేది ఎవరూ చదవరు. అక్షరాలు వెలిసిపోతే ఏటా పండగ ముందు బ్రష్షు పట్టుకుని రంగు వేసేది రొసెండాయే. అది కూడా ఒక పనా అని మగవాళ్ళెవరూ ముట్టుకునేవారు కాదు.

టినాంగ్ వెల్లుల్లి వలవడం ఆపింది. "నిజం చెప్పనా, నవ్వవు కదా? కట్టుబాట్లు లాయరు ఇంగ్లీషులో రాశాడు. మన భాషలో ఉంటే గానీ ఒప్పుకోమని మేం గొడవ పెట్టాం. అయితే మీరే రాసుకోండి అన్నాడు. హోమ్ ఓనర్ అన్నచోట నేను ఆలోచించా. హోమ్ అంటే బాహయ్, ఓనర్ అంటే ఉన్నది. మైబాహయ్! రాసేశా. మగాళ్ళు పడీపడీ నవ్వారు, 'ఒసే పిచ్చిదానా, పెళ్ళాలకి ఓటిచ్చావు కదే,' అని. దిద్దుదామనుకున్నా. ఈలోగా గోడ మీద రంగు ఆరిపోయింది. ఆఫీసులో కాగితం మీద ముద్ర కూడా పడిపోయింది."

"అంటే తప్పు రాశారు."

"తప్పే. ఇన్నాళ్ళూ సిగ్గుపడుతూనే ఉన్నా." టినాంగ్ ఆమె మొహంలోకి చూసింది. చూస్తూ చూస్తూ ఆవిడ కళ్ళు సన్నబడ్డాయి. "కానీ ముద్ర పడ్డ తప్పుని తప్పనరు తల్లీ. చట్టం అంటారు."

ఆ మాట పట్టుకుని సభలో లేవగలనని రొసెండా అనుకోలేదు. అంత జనంలో లేచి మాట్లాడటం ఆమెకి చేతకాదు. వారమంతా ఆ మాటని నాలుక కింద పెట్టుకుని తిరిగింది. ఉతుకుతూ, తుడుస్తూ, ముళ్ళు తీస్తూ. ఆదివారం పొద్దున్న నెస్టర్ జావలో కోడి ఎక్కువెయ్యమన్నప్పుడు కూడా అది అక్కడే ఉంది.

కోడి ఎక్కువే వేసింది.

కోర్టు నిండిపోయింది. ముందు వరసల్లో ప్లాస్టిక్ కుర్చీల మీద మగవాళ్ళు, పౌడరు రాసుకుని, తల దువ్వుకుని. వాళ్ళతో ముగ్గురో నలుగురో విధవలు. నానాయ్ బెలెన్ కొడుకు పక్కనే కూర్చుంది జపమాలతో. వెనక బాస్కెట్ స్తంభం కింద గ్యాసు స్టవ్‌లు, వాటి మీద బిందెలంత గిన్నెలు, వాటి చుట్టూ చెమటలు కక్కుతూ ఆడవాళ్ళు. ఓటు లేకపోయినా జోవెలిన్ కూడా వచ్చింది, ఉల్లికాడలు తరగడానికి.

సంఘం అధ్యక్షుడు మాంగ్ దాదో లేచి మాట్లాడాడు. అతనూ నెస్టరూ ఒకే సీసా పంచుకునే స్నేహితులు. అభివృద్ధి అన్నాడు, వంతెన అన్నాడు, పిల్లల భవిష్యత్తు అన్నాడు. తర్వాత నెస్టర్ లేచాడు. "సొంత ఇల్లు అంటే సొంతంగా అమ్ముకోగలిగేది. అమ్ముకోలేనిది సొంతమెలా అవుతుంది? మనం మనింట్లోనే అద్దెకున్నట్టుంది. నా చెమటతో కట్టిన ఇల్లు, నా చేతులతో పూడ్చిన నేల..."

రొసెండా చేతిలో గరిటె ఆగిపోయింది. నా చేతులతో పూడ్చిన నేల! అరికాళ్ళలో పాత గాట్లు ఒక్కసారిగా సలిపినట్టయింది. అబద్ధమాడుతున్నానని కూడా అతనికి తెలియదు, అదీ ఘోరం. నిజంగానే నమ్ముతున్నాడు. ఇన్నేళ్ళూ నేను చేసినవన్నీ అతని జ్ఞాపకంలో అతని చేతులతోనే జరిగాయి. వంట తప్ప. వంట ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు. ఇప్పుడు ఇల్లు అమ్మితే దానితో పాటు ఆ చిప్పలు, ఆ కంపు, ఆ కడుపుతో మోసిన మోతలు అన్నీ అమ్ముడైపోతాయి. పైన గోదాము లేస్తుంది. అమ్ముకోలేనిది సొంతం కాదట. నా కూతుర్ని నేను అమ్ముకోలేను, మరి నాది కాదా? అమ్ముకోవడం ఒక్కటే సొంతం అనుకునేవాడికి ఉండటం అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఉన్నది ఎవరు, అతనా? అతను ఇంట్లో తిన్నాడు, పడుకున్నాడు. ఉన్నది నేను.

టినాంగ్ కళ్ళజోడు పెట్టుకుంది. ఓట్లు మొదలయ్యాయి. ఆవిడ పిలిచే పద్ధతి ఎప్పుడూ ఒకటే, గోడ మీది మాటతోనే పిలుస్తుంది.

"మొదటి వీధి, మొదటి ఇల్లు. మైబాహయ్ ఎవరు?"

చిప్పలు మొదట పోసింది అక్కడే. మొదటి ఇల్లు రొసెండా వాళ్ళదే.

"నేనే," అన్నాడు నెస్టర్, చొక్కా సర్దుకుని లేస్తూ. ఏళ్ళుగా మగవాళ్ళంతా ఆ పిలుపుకి అలాగే పలుకుతున్నారు. రాసిన ఆ మొదటి రోజు తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

రొసెండా వంగి స్టవ్ ఆపింది. గరిటె జోవెలిన్ చేతికిచ్చింది. కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ ముందుకొచ్చింది.

"కాదు. నేను," అంది.

క్షణంసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక వరసలోంచి ఎవడో, "ఒరేయ్ నెస్టర్, నువ్వు మైబాహయ్‌వైతే మరి నీ మొగుడెవడ్రా?" అని అరిచాడు. కోర్టంతా గొల్లుమంది.

నెస్టర్ మొహం ఎర్రబడింది. "జావ అడుగంటుతుంది, పో."

"స్టవ్ ఆపేసే వచ్చాను."

మాంగ్ దాదో చిరునవ్వుతో, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "అమ్మా రొసెండా, అక్కడ రాసింది అందుకు కాదు. మైబాహయ్ అంటే ఇంటి యజమాని అని."

"యజమానికి మన భాషలో మాటే లేదా దాదో?" అంది టినాంగ్. ఆవిడ మొహంలో ఈ వేళ సిగ్గు లేదు. "ఉంది. అది రాయలేదు. ఇది రాశాం, ముద్ర వేయించాం. ఇన్నేళ్ళూ దీని కిందే కూర్చుని జావ తాగావు. అప్పుడు తప్పని తోచలేదా?"

"అది కాదు ఆలింగ్ టినాంగ్..."

"సరే, మనకెందుకు వాదన. నెస్టర్‌నే అడుగుదాం." కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసింది. "ఏం నాయనా, ఈవిడ నీ మైబాహయ్ అవునా, కాదా?"

నెస్టర్ మింగలేడు, కక్కలేడు. అవునంటే ఓటు పోతుంది. కాదంటే? రొసెండా అతనివైపే చూస్తోంది. పోయిన ఆదివారం బూట్లవాడి ముందు ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట, కాఫీ కంటే ముందు! ఒక్క మాట రా. అడిగినవాళ్ళందరికీ చెప్పే మాటే. ఇప్పుడు దానికి ఖరీదుందని తెలిసేసరికి నీ గొంతులో అడ్డం పడింది. ముల్లు లేని చేపే తిన్నావు ఇన్నాళ్ళూ, ఇది మొదటి ముల్లు.

"ఇక్కడ... ఆ సంగతెందుకు," అని నసిగాడు నెస్టర్.

"ఓహో, కాదేమో!" అన్నారెవరో. ఒకడు ఈల వేశాడు. "అందుకే ముళ్ళు తీసి మరీ పెడుతోంది, వదిలేస్తాడని!" గుసగుసలు, నవ్వులు.

అప్పుడు లేచింది నానాయ్ బెలెన్. జపమాల పట్టుకున్న చెయ్యి గాల్లో ఆడిస్తూ, కోర్టు దద్దరిల్లేలా అంది. "కాకపోవడమేంటి? ఎవడ్రా ఈల వేసింది? పెద్ద చర్చిలో, ఫాదరు ముందు, నేను దగ్గరుండి చేయించిన పెళ్ళి! ఆ తెల్లగౌను నా చేత్తో కుట్టాను. మా కోడలేం ఉంచుకున్నది కాదు! ఆ ఇంటికి మైబాహయ్ ఇదే. ఇంకో మనిషి లేదు!"

"నానాయ్! కూర్చో!" అన్నాడు నెస్టర్. అన్న మాట వెనక్కి రాదు. ఆఖరి వరసలో ఉన్నవాళ్ళు కూడా విన్నారు.

ముసలమ్మ కూర్చుంది. కూర్చుంటూ రొసెండా వంక చూసింది. చర్చి పరువు కోసమే అంత గట్టిగా అరిచిందా, తాళం వేసిన ఆ వంటింట్లో ఉండిపోయిన గిన్నెల కోసం అరిచిందా, రొసెండాకి ఆనాడు తెలియలేదు. తర్వాతా ఆమె అడగలేదు.

"రాసుకోండి," అంది టినాంగ్. "మొదటి ఇల్లు. మైబాహయ్, రొసెండా. చెప్పు తల్లీ, పంచాలా, ఉంచాలా?"

"ఉంచాలి," అంది రొసెండా.

తన గొంతు ఇంత పెద్దదని ఆమెకే తెలియదు. నెస్టర్ దగ్గరికొచ్చి, జనానికి వినపడకుండా, పళ్ళు బిగబట్టి అన్నాడు. "ఇంటికి రా. చెప్తా నీ సంగతి."

"ఎవరింటికి?" అంది రొసెండా.

టినాంగ్ రెండో ఇంటిని ఇంకా పిలవనే లేదు. వెనక ఇంకో స్టవ్ ఆగింది.